నలభై నుంచి డెబ్బై ఒకటి

ఆ కంప్యూటర్ స్క్రిప్టు మొత్తం నలభై మూడు లైన్లు. అందులో పదకొండో లైనులో నేను ఒక్క మాట చేర్చాను. దానికి పట్టిన సమయం టీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ చేతిలోకి తీసుకునేంత. ఆ మాట చేర్చకపోయి ఉంటే మా బావ ఈరోజుకీ ఫిషింగ్ హార్బర్‌లో నిలబడి, అవతలి జెట్టీలో ఉన్న బోటు వాళ్ళకి కూడా వినపడేలా కేకలు వేస్తుండేవాడు. ఇప్పుడాయన మాట్లాడితే ఎదురుగా కూర్చున్నవాళ్ళు కూడా ముందుకు వంగాలి. కూర్మన్నపాలెంలో మా ఇంటికి పద్నాలుగు మెట్లు. ఐదో మెట్టు దగ్గర ఆగి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంటాడు. నేను వెనకే నడుస్తూ, ఆయన ఆగినప్పుడు ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తాను.

నాది నెట్‌వర్కుల పని. ద్వారకా నగర్‌లో బస్ కాంప్లెక్సుకి దగ్గర్లో, రెండో అంతస్తులో, ఒక కోచింగ్ సెంటరు పక్కన చిన్న గది నా ఆఫీసు. పక్కన పిల్లలు రోజంతా ఫార్ములాలు వల్లె వేస్తుంటే ఇవతల నేను కేబుళ్ళకి క్లిప్పులు బిగించుకుంటూ ఉంటాను. బట్టల షాపులకి కెమెరాలు, హాస్టళ్ళకి వైఫై, డాక్టర్ల దగ్గర ప్రింటర్లు. ఆ వీధిలో అందరూ నన్ను కెమెరాలాయన అంటారు. ఆ పిలుపు వింటే నాకు ఒళ్ళు మండేది. నాకు పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం వచ్చు, పదిమంది రెండు రోజులు కూర్చుని చేసే పని నేను నలభై లైన్లలో తేల్చేస్తాను అని లోపల పెద్ద పొగరు. ఎవరూ అడగకపోయినా చెప్పేవాడిని. ముఖ్యంగా మా బావకి.

మా బావ అంటే మా అక్క భర్త. ఆయనా నన్ను బావ అనే పిలుస్తాడు. హార్బర్‌లో ఒక ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా పంతొమ్మిదేళ్ళు పని చేశాడు. ఐసు ఫ్యాక్టరీలో చల్లదనం వచ్చేది అమ్మోనియా వల్ల. గొట్టాల్లో తిరుగుతున్నంత సేపూ దానితో ఏ గొడవా లేదు. బయటికి వచ్చిందంటే కళ్ళు, గొంతు, ఊపిరితిత్తులు, ఎక్కడ తడి ఉంటే అక్కడ కాల్చేస్తుంది. అందుకని బావ దగ్గర ఒక పాత పద్ధతి ఉండేది. రోజూ పొద్దున్నే, చేపల వేలం మొదలవకముందు, ముఖానికి తడి తువ్వాలు కట్టుకుని గంధకం పుల్ల వెలిగించేవాడు. ఆ పుల్లని గొట్టాల అతుకుల పక్కగా మెల్లగా నడిపించేవాడు. అమ్మోనియా కారుతున్న చోటుకి రాగానే సన్నగా ఉన్న పొగ తెల్లగా చిక్కబడుతుంది. మూడు కోల్డ్ రూములకీ తలుపు తీసే ముందు కింద సందులో ఆ పుల్ల పెట్టి, పొగ చూసి, అప్పుడు గొళ్ళెం లాగేవాడు. ఫ్యాక్టరీ అంతా తిరగడానికి నలభై నిమిషాలు పట్టేది.

నేనొకసారి ఆయన వెనకాలే తిరిగి నవ్వాను. గోడకున్న హూటర్‌లో చిరిగిన వల ముక్క కుక్కి ఉంది. చిన్నపాటి లీకుకి కూడా అది అరిచేస్తోందనీ, బయట వేలంలో ఆడవాళ్ళు బుట్టలు వదిలేసి పరిగెడుతున్నారనీ ఎవరో దాని నోరు మూసేశారు. "ఇదేటి బావ, అలారం నోట్లో గుడ్డలు కుక్కి, నువ్వు అగరొత్తులెలిగించుకుని తిరుగుతన్నావ్?" అన్నాను. ఆయన పుల్ల ఆర్పి జేబులో పెట్టుకుంటూ, "హూటర్‌ది నోరు, బావ. దీనిది కన్ను. నోరు మూసినా కన్నుంటే సాలు," అన్నాడు. ఆ మాట నాకు పాతకాలం కబురులా తోచింది.

కొన్నాళ్ళకి ఓనరు సెన్సార్లు పెట్టిద్దామనుకున్నాడు. గాలిలో అమ్మోనియా కనిపెట్టే చిన్న డబ్బాలు, మొత్తం ముప్పై రెండు. అవి నెట్‌వర్కులో కలిసి ఆఫీసు గదిలో ఒక స్క్రీన్ మీద కనపడాలి. "మా బామ్మర్దున్నాడు సార్. కంప్యూటర్ల పని ఏటైనా సేత్తాడు," అని బావే చెప్పాడట. ఆ సంగతి నాకు ఓనరే చెప్పాడు. బావ ముఖం వెలిగిపోయిందని కూడా చెప్పాడు.

నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ ఒక ఐపీ అడ్రసు ఉంటుంది, వీధిలో ఇంటికి డోర్ నంబరు ఉన్నట్టు. నాలుగు సంఖ్యలుంటాయి. మొదటి మూడూ ఆ ఫ్యాక్టరీలో అన్నిటికీ ఒకటే. చివరిదొక్కటే మారుతుంది, సున్న నుంచి రెండు వందల యాభై ఐదు దాకా. నేను ఒకటి నుంచి మొదలుపెట్టి ముప్పై రెండు దాకా ఇచ్చేద్దామనుకున్నాను. బావ అడ్డం తిరిగాడు.

"ఒకటి కాడ్నించి ముప్పై తొమ్మిది దాకా ఒద్దు బావ. అవి పాత షెడ్డు నంబర్లు."

"పాత షెడ్డెక్కడున్నాది? తుఫాన్‌లో పోనాది కదా."

"పోనాది. అందుకే ఒద్దంటన్నాను."

సముద్రం వైపు ఒకప్పుడు ఒక షెడ్డు ఉండేది. అందులో ఐసు డబ్బాలకీ, మోటార్లకీ, స్విచ్చులకీ ఒకటి నుంచి ముప్పై తొమ్మిది దాకా నంబర్లు. ఒక తుఫానులో దాని కప్పు కూలి లోపల ఇద్దరు పోయారు. అప్పటి నుంచి ఆ ఫ్యాక్టరీలో ఆ నంబర్లు దేనికీ వేయరు. కొత్త డబ్బా వచ్చినా, కొత్త మోటారు వచ్చినా నలభై నుంచే. గోడల మీద పెయింటుతో రాసిన అంకెలన్నీ నేను చూశాను. ఎక్కడా నలభైకి తక్కువది లేదు. చదువుకున్న ఓనరు కూడా, "వాళ్ళ మాటే కానివ్వండి, పోయేదేముంది," అన్నాడు. నేను విసుక్కున్నాను గానీ ఒప్పుకున్నాను. నలభై నుంచి డెబ్బై ఒకటి దాకా, సరిగ్గా ముప్పై రెండు సెన్సార్లు. అరవై నాలుగు నుంచి డెబ్బై ఒకటి దాకా ఉన్న చివరి ఎనిమిదీ మూడో కోల్డ్ రూమ్‌వి.

ఇక స్క్రిప్టు. అది చేయాల్సిన పని సులువే. నిమిషానికోసారి ఆ ముప్పై రెండు అడ్రసులనీ పలకరించి, గాలి బాగుందా అని అడగాలి. బాగోలేదని ఏది చెప్పినా స్క్రీన్ మీద దాని గడి ఎర్రగా మారాలి. అడ్రసులని చేత్తో ఒక్కొక్కటీ రాయడం నాకు నామోషీ. ముప్పై రెండు అడ్రసులంటే ఒక సబ్‌నెట్, అంటే వరసలో కోసిన ఒక ముక్క. మొదలు చెప్పి సైజు చెబితే మిగతావి పైథానే లెక్కకట్టి ఇస్తుంది. నలభైతో మొదలు, ముప్పై రెండు సైజు అని రాసి నడిపాను. ఎర్ర అక్షరాలతో ఎదురు తిరిగింది.

ఎందుకు తిరిగిందో నాకు తెలియనిది కాదు. ఎవరైనా అడిగితే బోర్డు మీద గీసి చెప్పగలను. ఆ ముక్కలు ఎక్కడ పడితే అక్కడ మొదలవవు. ముప్పై రెండు అడ్రసుల ముక్కయితే సున్న దగ్గరో, ముప్పై రెండు దగ్గరో, అరవై నాలుగు దగ్గరో మొదలవాలి. నలభై దగ్గర కుదరదు. పైథాన్ చెప్పింది అదే, నువ్విచ్చింది మొదలు కాదు, మధ్య అని. కానీ ఆ సాయంత్రం ఓనరు నా వెనకే నిలబడి ఉన్నాడు, పక్కన బావ, బావ పక్కన అకౌంట్లాయన. అందరి ముందూ ఎర్ర అక్షరాలు. నా చెవులు వేడెక్కాయి. అలాంటప్పుడు వాడే మాట ఒకటుంది, స్ట్రిక్ట్ ఫాల్స్ అని. అంత కచ్చితంగా ఉండకు, సర్దుకో అని దానర్థం. పదకొండో లైనులో అది చేర్చాను. ఎర్ర అక్షరాలు పోయాయి.

సర్దుకోమంటే పైథాన్ కిందికి సర్దుకుంటుంది. నలభైకి కింద సరైన మొదలు ముప్పై రెండు. అది నాకు తయారు చేసిచ్చిన జాబితా ముప్పై రెండు నుంచి అరవై మూడు దాకా. అరవై నాలుగు, ఆపైవి అందులో లేవు. నేను ఎన్ని వచ్చాయో చూశాను, ముప్పై రెండు అని వచ్చింది. ఏవి వచ్చాయో చూడలేదు.

చూసే అవకాశం ఆ రోజే ఇంకోసారి వచ్చింది. స్క్రిప్టు మొదటిసారి తిరిగినప్పుడు ఇరవై నాలుగు సెన్సార్లు పలికాయి, ఎనిమిది పలకలేదు. అదే ఇంకో రోజైతే లేచి వెతికేవాడిని. కానీ అప్పుడు మూడో కోల్డ్ రూమ్ మరమ్మతులో ఉంది, గోడలు ఊడదీసి ఉన్నాయి, అక్కడి ఎనిమిది సెన్సార్లకీ ఇంకా వైరు లాగలేదు. పలకనివి ఎనిమిది, వైరు లేనివి ఎనిమిది. "లెక్క సరిపోయింది," అన్నాను పైకే. ఉప్పు గాలికి కేబుళ్ళు ఊరికే తెగిపోతుంటాయి కాబట్టి, పలకని సెన్సారు గురించి గొడవ చేయకు అని ఇంకో లైను కూడా రాశాను. గడులన్నీ మామూలుగా పచ్చగా ఉంటాయి, అమ్మోనియా ఉందని సెన్సారు చెబితేనే ఎర్రబడతాయి. మూడో గది గడులు కూడా ముందే గీసి పెట్టాను. అవీ పచ్చగానే ఉన్నాయి.

బావ ఆ స్క్రీన్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చేతిలో గంధకం పుల్లల డబ్బా అలాగే ఉంది.

"ఇది నిజమే సెప్తాదేటి?"

"నీ పుల్లకంటే బాగా సెప్తాది. పచ్చగుంటే కళ్ళు మూసుకుని తలుపు తియ్యి."

ఆ మాట నేనన్నాను. ఓనరూ విన్నాడు. మరునాటి నుంచి పొద్దుటి నలభై నిమిషాల తిరుగుడు ఆపేయమన్నాడు, ఆ సమయంలో ఒక లారీ ఐసు ఎక్కించొచ్చని. బావ ఎదురు చెప్పలేదు. అయినా పుల్లల డబ్బా మాత్రం జేబులోనే ఉంచుకునేవాడని మా అక్క చెప్పింది. బట్టలుతికేటప్పుడు తడుస్తుందని ఆమెకి విసుగు.

రెండు నెలలకి మూడో గది తయారైంది. ఎలక్ట్రీషియన్ అక్కడి సెన్సార్లకి వైరు లాగి, గోడ మీద అరవై నాలుగు నుంచి డెబ్బై ఒకటి దాకా అంకెలు పెయింటుతో రాశాడు. ఓనరు ఫోన్ చేశాడు. నేను ఒక హాస్టల్లో నిచ్చెన మీద ఉన్నాను. "లైట్లు వెలుగుతున్నాయి, స్క్రీన్ మీద కూడా పచ్చగానే ఉంది. ఇక నువ్వు వచ్చే పనేమీ లేదు కదా?" అన్నాడు. రావాలి. వెళ్ళి కూర్చుని, ఇప్పుడు ముప్పై రెండూ పలుకుతున్నాయా అని చూసుకోవాలి. "ఏం లేదు సార్, అది దానంతటదే తీసుకుంటుంది," అన్నాను. నిచ్చెన దిగి మళ్ళీ ఆ సంగతి తలుచుకోలేదు.

ఆ తర్వాత అయిదు నెలలు ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం చూసి నాకు కొమ్ములొచ్చాయి. ఫోన్‌లో ఆ స్క్రీన్ కనపడేలా పెట్టుకుని, కొత్త కస్టమర్లకి తీసి చూపించేవాడిని. ముప్పై రెండు పచ్చ గడులు. ఒక్కసారి రెండో గదిలో ఒక గడి ఎర్రబడింది, బావ వెళ్ళి అతుకు బిగించాడు. ఇక నాకు ఆ స్క్రిప్టు మీద అనుమానమనేదే లేకుండా పోయింది.

ఒక సాయంత్రం బావ, అక్క మా ఇంటికి వచ్చారు. అన్నాలయ్యాక బావ నన్ను పక్కకి పిలిచాడు.

"మూడో గది గుమ్మం కాడ పిల్లులు పడుకోడం మానేసాయి బావ."

హార్బర్‌లో పిల్లులకి లోటు లేదు. ఆ గుమ్మం పక్క గోడకి అవతల కంప్రెసర్ ఉంటుంది, గోడ వెచ్చగా ఉంటుంది, ఎప్పుడు చూసినా అయిదారు పిల్లులు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండేవి. నేను పగలబడి నవ్వాను.

"ఆటికి కూడా ఐపీ అడ్రసులిమ్మంటావేటి?"

"నవ్వకు. ఓపాలి వచ్చి సూడు."

నేను ఫోన్ తీసి ఆయన ముఖం ముందు పెట్టాను. "సూడు, మూడో గది. ఎనిమిదికి ఎనిమిదీ పచ్చ. పిల్లుల మాట ఇంటావా, దీని మాట ఇంటావా?" ఆయన కాసేపు చూసి తలూపాడు. నా చేతిలో ఫోన్ మీది ఆ పచ్చ వెలుగు ఆయన గడ్డం దాకా పడింది. అక్క లోపల్నుంచి, మీ ఇద్దరి గుసగుసలేంటని అడిగింది. నేను మళ్ళీ నవ్వి పిల్లుల సంగతి ఆమెకి కూడా చెప్పాను. బావ నవ్వలేదు, మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాడు.

ఆ తర్వాతి ఆదివారం. బావకి ఆదివారం సెలవు ఎప్పుడూ లేదు. ఊరంతా చేపలు కొనే రోజు. బోట్లు తెల్లవారకముందే వచ్చి నిలబడతాయి, ఐసు చాలదు. నేనూ, అక్కా చర్చిలో ఉన్నాం. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో అక్క కూర్చుంది, నేను వెనక తలుపు దగ్గర. జేబులో ఫోన్ వణికింది. సైలెంట్‌లో ఉంది కాబట్టి శబ్దం లేదు. ఏ హాస్టల్ వాళ్ళో వైఫై రావట్లేదని చేస్తుంటారులే అనుకుని, పైనుంచి చేత్తో నొక్కి ఆపాను. మళ్ళీ వణికింది, మళ్ళీ ఆపాను. అలా ఎన్నిసార్లు ఆపానో అప్పుడు లెక్కపెట్టలేదు. ఆరాధన అయ్యాక బయటికొచ్చి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్, అన్నీ ఫ్యాక్టరీ నుంచి. మొదట చేసిన పని సిగ్గుతో చెబుతున్నాను. తిరిగి ఫోన్ చేయకుండా, స్క్రీన్ తెరిచి చూశాను. అన్నీ పచ్చగా ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత ఫోన్ చేశాను.

అక్కని బండి మీద ఎక్కించుకుని హార్బర్‌కి వెళ్ళేసరికి గేటు బయటే కళ్ళు మండాయి. జనం ఎదురొస్తున్నారు, ముఖాలకి తడి గుడ్డలు, చేతుల్లో చెప్పులు. వేలం చోట బుట్టలు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి, చేపలు నేల మీద. కాకులు లేవు. ఆదివారం పూట హార్బర్ మీద ఒక్క కాకి కూడా లేకపోవడం నేను ముందెప్పుడూ చూడలేదు. అక్క చర్చికి కట్టుకున్న తెల్ల చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాకంటే ముందు పరిగెత్తింది.

వలలు కుట్టేవాళ్ళు నలుగురు లోపలికి దూరి బావని ఈడ్చుకొచ్చారట. ఐసు పొడి చేసే యంత్రం పక్కన, నీళ్ళలో పడుకోబెట్టి ముఖం మీద బక్కెట్లతో నీళ్ళు పోస్తున్నారు. కళ్ళు తెరవడం లేదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఒక శబ్దం వస్తోంది, చిరిగిన సంచిలోంచి గాలి పోతున్నట్టు. అక్క పక్కన కూర్చుని ఆయన చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. నేను ఏం చేయాలో తెలియక ఆఫీసు గదిలోకి వెళ్ళాను. గదిలో ఎవరూ లేరు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే చూడలేక చూశాను. నా చుట్టూ గాలి కాలుతోంది. నా స్క్రీన్ మీద ముప్పై రెండు గడులూ పచ్చగా ఉన్నాయి. నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు.

పదమూడు రోజులు బావ ఆసుపత్రిలో ఉన్నాడు. మూడో గదిలో పైన గొట్టం ఒకటి ఉప్పు గాలికి తుప్పు పట్టి, కొద్దికొద్దిగా కారుతూ వచ్చి, ఆ పొద్దున్న ఒక్కసారిగా పగిలింది. మూసిన గదంతా నిండింది. బావ వచ్చి గొళ్ళెం లాగాడు. తలుపు ఆయన ముఖం మీదికే తెరుచుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం, ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. స్క్రిప్టు రోజూ ఒక చిట్టా రాస్తుంది, ఎవరు పలికారు, ఎవరు పలకలేదు అని. ఏడు నెలల్లో నేను దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. ప్రతి నిమిషం కింద అదే వరస. పలికినవి ఇరవై నాలుగు. పలకనివి ముప్పై రెండు, ముప్పై మూడు, ముప్పై నాలుగు, అలా ముప్పై తొమ్మిది దాకా. ఆ నంబర్లు నాకు తెలుసు. ఇద్దరు పోయిన షెడ్డువి. మూడో గదిలో ఎనిమిది సెన్సార్లు అమ్మోనియా ఉంది, ఉంది అని ఎన్ని రోజుల నుంచి చెబుతున్నాయో, వాటిని అడిగినవాడు లేడు. నా స్క్రిప్టు నిమిషానికోసారి, రాత్రీ పగలూ, కూలిపోయిన షెడ్డుని పలకరించి, జవాబు రాకపోతే ఫరవాలేదనుకుని వెళ్ళిపోతోంది.

అక్కడే కూర్చుని పదకొండో లైనులో నేను చేర్చిన మాట తీసేసి నడిపాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. మొదటి రోజు వచ్చినవే, అక్షరం మారలేదు. అది నాకు ఆ రోజే చెప్పింది, ఇప్పుడూ అదే చెప్పింది. హూటర్‌లో వల ముక్క కుక్కినవాళ్ళని చూసి నవ్విన మనిషిని నేను. సబ్‌నెట్ గొడవంతా కొట్టేసి, నలభై నుంచి డెబ్బై ఒకటి దాకా చేత్తో ఒక్కొక్కటీ రాశాను. ఆ రోజు నాకు నామోషీ అనిపించిన పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

ఈలోపు ఫ్యాక్టరీలో కాగితాలు తయారయ్యాయి. ఆపరేటర్ మాస్కు వేసుకోకుండా, పరీక్ష చేయకుండా తలుపు తీశాడని రాశారు. పరీక్ష ఆపించింది ఎవరో అందులో లేదు. నేను చిట్టా ప్రింటు తీసుకుని, తప్పు నా లెక్కదని ఒక పేజీ రాసి సంతకం పెట్టి ఓనరుకి ఇచ్చాను. ఆయన అది చదివి, "ఇది మీ అక్కకి తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. నా కాగితం మాత్రం ఆ ఫైలులో కలిపాడు. ఆ తర్వాత నాకు అక్కడ పని ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

అక్కకి చెప్పాను. వంట గదిలోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది, తోమినవే మళ్ళీ తోమింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బావకి మాత్రం చెప్పలేకపోయాను. కాస్త కోలుకోనీ, కాస్త తిననీ అని రోజులు జరిపాను. ఆయన నన్ను చూసినప్పుడల్లా కుర్చీ చూపించి కూర్చోమనేవాడు, తన గొంతు పాడైన సంగతి మీద తనే హాస్యమాడేవాడు. మీ అక్కతో పోట్లాడ్డానికి ఇప్పుడు సైగలు నేర్చుకోవాల అనేవాడు.

నెల దాటాక ఒక సాయంత్రం ఆయన అక్కతో కలిసి మా ఇంటికి వచ్చాడు. పద్నాలుగు మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. అక్క లోపలికి వెళ్ళి, ఆయన వసారాలో కూర్చున్నాక, ఇక ఆగలేక, నేను మొత్తం చెప్పాను. ఎర్ర అక్షరాలు, అందరి ముందూ నాకు వచ్చిన సిగ్గు, చేర్చిన మాట, పాత షెడ్డు నంబర్లు, ఎవరూ అడగని ఎనిమిది సెన్సార్లు. చెబుతూ చెబుతూ ఏడ్చాను. నీకు తెలిసే దారి లేకుండా చేశాను బావా, అన్నాను. ఆయనకి కోపం వస్తుందని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, రావాలని కోరుకున్నాను.

ఆయన చొక్కా జేబులోంచి పుల్లల డబ్బా తీసి అరచేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. నేను ముందుకి వంగాను.

"నాకు తెలిసింది బావ," అన్నాడు. "గుమ్మం కాడే వాసనొచ్చింది. జేబులో సెయ్యెట్టి పుల్ల కూడా తీసాను. ఎందుకేనా మంచిదని ఎనక్కెల్లి స్క్రీను సూసాను. పచ్చగున్నాది."

లోపల అక్క సర్దుతున్న గిన్నెల చప్పుడు ఆగింది.

"నా ముక్కే సెడిపోనాదేమో అనుకున్నాను. నువ్వు తప్పు సెయ్యవు కదా అని, పుల్ల ఎలిగించకండా జేబులో ఎట్టేసాను."

ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఆయన మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు.